లోకవృత్తాంతము: జరుగని కీడు

ఈ శీర్షికలో గడచిన కాలమునుండి ఒక్కొక్క మాసమును తీసికొని, ఆనాడు లోకమున జరిగినదానిని నేడు తెలిసినదానితో చేర్చి మరల చదువుట మాకు వాడుక. ఈ మారు 1962వ సంవత్సరము అక్టోబరు మాసము నెన్నుకొంటిమి. ఆ ముప్పదియొక్క దినములలో లోకమంతయు భస్మము కావలసినంత పని యయ్యెను. మనదేశముపై దాడి జరిగెను. ఒక శాసనము పుట్టి కడుపులోని బిడ్డలకు రక్ష యయ్యెను.

ఇల్లు దిద్దుకొను స్త్రీకి ఒక సంగతి అనుభవముచేతనే తెలియును. పొంగిపోయిన పాలను ఇంటిల్లిపాదియు చూతురు. పొంగకముందే దింపిన చేతి నెవ్వరును చూడరు. బిడ్డ నూతిలో పడెనేని ఊరెల్ల మూగును. గట్టెక్కకముందే రెక్క పట్టి యీడ్చుకొనివచ్చిన తల్లిమాట ఆ పూటకే మరుగున పడును. వార్తాపత్రికల తీరును ఇదియే. జరిగిన కీడు వార్త యగును. జరుగని కీడు వార్త కాదు. ఆ అక్టోబరు మాసమున "వలదు, ఆగుడు" అనినవారు కొందరు మాకు కనబడుచున్నారు. అందు కొందరి మాట చెల్లినది, కొందరి మాట చెల్లలేదు. ఆ భేదమువలన ఏమి జరిగెనో చూతము.

క్రొత్త దేశములు, పాత మతపీఠము

మొదట శుభవార్తలు. 8వ తేదీన అల్జీరియా ఐక్యరాజ్యసమితిలో సభ్యదేశమయ్యెను. ఫ్రెంచివారితో దాదాపు ఎనిమిదేండ్లు పోరాడి, ఆ సంవత్సరము జూలైలోనే స్వాతంత్ర్యము గడించిన దేశమది. ఆ పోరాటమున స్త్రీలు రహస్యముగా ఉత్తరములు మోసిరి, గాయపడినవారికి పరిచర్యలు చేసిరి, చెరసాలలలో చిత్రహింసలకు లోనైరి. జమీలా బూహిరెద్ అను యువతికి 1957లో మరణశిక్ష విధింపబడెను. దేశదేశములనుండి నిరసన లేచుటచే ఆ శిక్ష అమలు జరుగలేదు.

9వ తేదీన తూర్పు ఆఫ్రికాలోని యుగాండా బ్రిటిషువారి పాలననుండి విముక్తమయ్యెను. అచ్చట వర్తకములు చేసికొనుచు తరతరములుగా స్థిరపడిన భారతీయు లనేకులు. పదేండ్లు గడచునప్పటికి, 1972లో, ఇదీ అమీన్ అను నియంత తొంబది దినముల గడువిచ్చి వారిని వెడలగొట్టెను.

11వ తేదీన రోమునగరమున ఇరువదిమూడవ జాన్ పోపు కతోలిక మహాసభను ప్రారంభించెను. రెండువేలకు మించిన బిషప్పులు దానికి వచ్చిరి. నేడు మన తెలుగునాట కతోలిక దేవాలయములలో పూజ లాటినున గాక తెలుగున జరుగుచున్నదన్న, అది ఆ సభవారి నిర్ణయముల ఫలమే.

ఒక వైద్యురాలి పట్టుదల

10వ తేదీన వాషింగ్టను నగరమున కెనెడీ అధ్యక్షుడు ఔషధములను గూర్చిన నూతన శాసనముపై సంతకము చేసి, చేసిన కలము నొకదానిని వెనుక నిలిచియున్న స్త్రీ చేతికిచ్చెను. ఆమె పేరు ఫ్రాన్సెస్ కెల్సీ. అమెరికా ప్రభుత్వమున ఔషధములను పరిశీలించు శాఖలో ఉద్యోగిని. ఇద్దరు బిడ్డల తల్లి.

థాలిడొమైడు అను మందును 1957లో జర్మనీలో అమ్మజొచ్చిరి. నిద్రకు మంచిదనియు, గర్భిణుల వేవిళ్ళను మాన్పుననియు, ఎట్టి యపాయమును లేదనియు చెప్పి పెక్కు దేశములలో అమ్మిరి. 1960 సెప్టెంబరులో అమెరికాలో అనుమతి కోరుచు దరఖాస్తు వచ్చెను. నాటి చట్టము ప్రకారము అరువది దినములలో ఆక్షేపణ తెలుపనిచో అనుమతి యిచ్చినట్లే. ఆ కాగితములు ఉద్యోగమున క్రొత్తగా చేరిన కెల్సీ బల్లమీదికి వచ్చెను. చదివి చూడగా అందు పొగడ్తలే గాని ప్రమాణములు లేవు. ఆమె మరిన్ని వివరములడిగెను. గడువు తీరవచ్చినప్పుడెల్ల మరల నడిగెను. ఇంతలో, ఆ మందు పెక్కుదినములు మ్రింగినవారికి చేతులు కాళ్ళు తిమ్మిరులెక్కుచున్నవని ఇంగ్లండు వైద్యపత్రికలో ఒక లేఖ పడెను. పెద్దవారి నరములనే బాధించు మందు గర్భములోని పసికందు నేమి చేయును? ఇది యామె ప్రశ్న. కంపెనీవారు ఆమె పై యధికారులకు పలుమారులు ఫిర్యాదు చేసిరి. పై యధికారులు ఆమె పక్షముననే నిలిచిరి.

1961 సంవత్సరాంతమున నిజము బయటపడెను. ఆ మందు తీసికొన్న గర్భిణులకు చేతులు, కాళ్ళు సరిగా నేర్పడని శిశువులు పుట్టిరి. అట్టి బిడ్డలు లోకమున పదివేలకు పైగా నుందురని అంచనా. అమెరికాలో పరీక్షార్థమని వైద్యులకు ముందుగా పంచిన మాత్రలవలన కొలదిమంది శిశువులు మాత్రము అట్లు పుట్టిరి. కెల్సీ చేసినదెల్ల ఒక కాగితముపై సంతకము చేయకుండుటయే.

1962 శాసనము ప్రకారము, మందు హాని చేయదని మాత్రమే గాక, చెప్పిన రోగమును నిజముగా కుదుర్చునని కూడ తయారుచేయువారే ముందుగా రుజువు చేయవలెను. పరీక్షలకై మందు నిచ్చునపుడు రోగికి ఆ సంగతి తెలిపి సమ్మతి గొనవలెను. కెల్సీ నూటొక్క యేండ్లు జీవించి 2015లో మరణించెను. ఆ మందును నేడును కుష్ఠురోగులకు వచ్చు ఒక తీవ్రబాధకును, మజ్జలో పుట్టు ఒక విధమగు క్యాన్సరుకును కఠిన నియమములతో వాడుదురు. గర్భిణులకు మాత్రము నిషిద్ధము. పొరుగింటివారికి గుణమిచ్చినదని వేవిళ్ళకు మాత్ర తెప్పించి మ్రింగు వాడుక నేటికిని మన యిండ్లలో కలదు. వైద్యుల నడుగక గర్భిణి యే మందును పుచ్చుకొనరాదని తల్లులు, అత్తలు జ్ఞాపకముంచుకొందురు గాక.

హిమాలయములందు

ఇచ్చట "ఆగుడు" అనిన మాట చెల్లలేదు. నేటి అరుణాచల ప్రదేశమున, భూటాను సరిహద్దు చెంత నామ్కాచూ అను చిన్న యేరు కలదు. ఆ సెప్టెంబరు 8వ తేదీన చైనా సైనికులు తాగ్లా కొండ దిగివచ్చి అచ్చటి మన ఠాణాకు చేరువను నిలిచిరి. వారిని వెడలగొట్టవలెనని ఢిల్లీలో నిశ్చయమయ్యెను. ఆ ప్రాంతపు సేనాధిపతి ఉమ్రావ్ సింగ్, బాటలేని ఆ కొండలలో ఆహారము, మందుగుండు, చలిదుస్తులు చేరకయే యుద్ధమునకు దిగుట తగదని స్పష్టముగా చెప్పెను. చెప్పినందుకు ఆ సరిహద్దు బాధ్యతను ఆయన చేతినుండి తప్పించి, బి. ఎం. కౌల్ అను మరియొక సేనాని కప్పగించిరి. 12వ తేదీన నెహ్రూ ప్రధాని సింహళమునకు బయలుదేరుచు, మన భూమిని విడిపింపవలసినదని సేనకు ఆజ్ఞ యిచ్చితిమని పత్రికలవారితో చెప్పెను.

యేటి యొడ్డున నున్న మన జవానులకు పలుచని నూలు దుస్తులే దిక్కు. విమానములనుండి జారవిడిచిన మూటలు అనేకము లోయల పాలయ్యెను. 20వ తేదీ వేకువను చైనావారు అచ్చటను, అదేవేళ పడమట లడఖునందును విరుచుకొనిపడిరి. నామ్కాచూ నొడ్డుననున్న దళము ఒక్క దినములోనే చెదరిపోయెను. దాని నాయకుడు బ్రిగేడియర్ దళ్వీ 22వ తేదీన బందీయై, పిమ్మట ఆ కథను తానే గ్రంథముగా వ్రాసెను. మాసము ముగియకమునుపే తవాంగు పట్టణము మన చేయి జారెను. 26వ తేదీన దేశమున అత్యవసరస్థితి ప్రకటింపబడెను. నవంబరు 21న చైనావారే యుద్ధము నాపిరి. అప్పటికి మనవారు వేయిమందికి పైగా మరణించిరి. దాదాపు నాలుగువేలమంది బందీలైరి.

దాడి చేసిన దోషము చైనాదే. కాని బిడ్డలకు కంబళియైన నీయక మంచులోనికి పంపిన దోషము మనది. అట్లు పంపవలదనిన మాటను పెడచెవిని పెట్టిన దోషమును మనదే.

దేశమునకు బంగారము కావలసినపుడు స్త్రీల నడిగిరి. స్త్రీలును వెనుదీయలేదు. దేశమంతటను, మన తెలుగునాటను, చేతి గాజులు, మెడలోని గొలుసులు తీసి రక్షణనిధి కిచ్చిరి. 1963 జనవరిలో బంగారు నియంత్రణ వచ్చి, పదునాలుగు కారట్లకు మించిన మేలిమితో నగలు చేయరాదని శాసించెను. కంసాలుల కుటుంబము లెన్నియో జీవనాధారము కోల్పోయినవి. ఓటమికి కారణములను విచారించి హెండర్సన్ బ్రూక్స్, భగత్ అను సేనానులు 1963లో వ్రాసిన నివేదికను మాత్రము ప్రభుత్వమువారు దశాబ్దముల తరబడి దాచియుంచిరి. గాజు లిచ్చిన చేతులకు ఆ కాగితము నడుగు హక్కు లేదా?

క్యూబా సముద్రమున

ఈ దాడి జరిగిన దినములలో లోకుల చూపు హిమాలయములపై లేదు. అమెరికా తీరమునకు తొంబది మైళ్ళ దూరమున నున్న క్యూబా ద్వీపమున సోవియట్ రష్యావారు అణ్వస్త్రములను మోయగల క్షిపణులను రహస్యముగా నిలుపుచుండిరి. 14వ తేదీన అమెరికా విమానము తీసిన ఛాయాపటములలో ఆ గుట్టు బయటపడెను. 22వ తేదీ రాత్రి కెనెడీ ఆ సంగతిని లోకమునకు తెలిపి, 24వ తేదీనుండి ఆయుధములతో క్యూబాకు పోవు ఓడలను నడిసముద్రమున అడ్డగింప నాజ్ఞాపించెను.

అన్నిటికంటె భయంకరమైనది 27వ తేదీ, శనివారము. క్యూబాపై ఒక అమెరికా విమానము కూల్చబడి దాని చోదకుడు మరణించెను. వెంటనే దాడి చేయవలెనని కెనెడీ సలహాదారులలో పలువురు పట్టుబట్టిరి. ఆయన ఆగెను. ఆనాడే సముద్రగర్భమున నున్న బి-59 అను సోవియట్ జలాంతర్గామిని అమెరికా యుద్ధనౌకలు చుట్టుముట్టి, పైకి రప్పించుటకై చిన్న ప్రేలుడు గుండ్లను విడిచిరి. లోపల ఊపిరాడని వేడి. మాస్కోనుండి కబురు లేదు. యుద్ధము మొదలైనదో లేదో తెలియదు. ఆ నౌకలో అణుశక్తిగల టార్పెడో యొకటి యుండెనని అమెరికావారెరుగరు. నౌకాధిపతి కోపావేశమున దానిని సిద్ధపరుప నాజ్ఞాపించెననియు, పైకి తేలుదమని వసీలీ అర్ఖీపోవ్ అను అధికారి యతని శాంతపరచెననియు ఆ నౌకలోని యొకరు పిమ్మట చెప్పిరి. వివరములలో చరిత్రకారులకు భేదాభిప్రాయములు కలవు. అస్త్రము నౌకలో నుండుటయు, దానిని ప్రయోగింపక నౌక పైకి తేలుటయు మాత్రము నిజము.

28వ తేదీన క్షిపణులను తీసివేయుదుమని కృశ్చేవ్ మాస్కో రేడియోలో ప్రకటింపజేసెను. టర్కీలో నిలిపిన తమ క్షిపణులను తామును తొలగింతుమని అమెరికావారు రహస్యముగా మాట యిచ్చిరి. లోకము ఊపిరి పీల్చుకొనెను. ఆ మరునాటి పత్రికలలో కెనెడీ పేరు కలదు, కృశ్చేవ్ పేరు కలదు. అర్ఖీపోవ్ పేరు లేదు. నలుబదియేండ్లకు, 2002లో, ఆ కథ లోకమునకు విస్తారముగా తెలిసెను. అప్పటికి ఆయన మరణించి నాలుగేండ్లయ్యెను.

మన యిండ్లలో

కెల్సీ, అర్ఖీపోవ్, ఉమ్రావ్ సింగ్ ముగ్గురును ఒకే మాట చెప్పిరి. మొదటి యిద్దరి మాట చెల్లుట వారి ధైర్యమువలననే కాదు. ఒకరికి పై యధికారులు అండగా నిలిచిరి, మరియొకరి మాటకు తోడివారు చెవి యొగ్గిరి. మూడవవానికిని ధైర్యము కొదువ కాదు. వినువారు లేకపోయిరి. వలదని చెప్పగలవా రుండిన చాలదు. చెప్పినవారిని ప్రక్కకు నెట్టివేయని యేర్పాటు ఉండవలెను. అమెరికా రష్యాలు ఈ పాఠము నేర్చి, 1963 జూన్‌లో తమ రాజధానుల నడుమ నేరుగా వార్త లంపుకొను తీగ నేర్పరచుకొనెను.

గృహమునకును ఇదియే వర్తించును. ఈడురాని పిల్లకు పెండ్లి కుదుర్చునపుడు, పొలము తాకట్టుపెట్టి అప్పు తెచ్చునపుడు, ఆరా తీయక పరదేశమునకు పిల్లవానిని పనికి పంపునపుడు, "కొంచె మాగుడు, విచారింతము" అను గొంతు సాధారణముగా వంటింటినుండియే వినవచ్చును. దానిని పిరికితనమని, అపశకునమని త్రోసివేయుట మన యిండ్లలో చిరకాలపు వాడుక. ఆ మాట విని కుటుంబము నష్టము తప్పించుకొన్నను, తప్పినది కంటికి కనబడదు గనుక చెప్పినదానికి మెప్పును రాదు. సోదరీమణులు మెప్పునకై వేచియుండక ఆ మాట నాడుచునే యుండవలెను. మీ యింటిలో మరియొక స్త్రీ, ఆమె చిన్నకోడలే కానిండు, ఆ మాట ననినపుడు, ఆమె నోరు మూయింపక, కారణమేమని యడుగు మొదటి మనిషి మీరే కావలెనని మా కోరిక.