మా యాస కావాలె, మా పేరు వద్దా?

సినిమాకు కథ కావాలె. కథకు ఊరు కావాలె. ఊరికి యాస కావాలె. ఈ మూడూ పాలమూరు గడ్డ మీద దొరుకుతయని సినిమా పెద్దలకు ఇప్పటికైనా తెలిసింది. సంతోషం. కానీ ఆ కథ రాసినోని పేరు మాత్రం తెర మీద అక్కర లేదట! గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ నుంచి సినిమా రాయాలని బయలెల్లిన మా అసోంటోళ్ల బతుకు ఏండ్ల సంది ఈ ఒక్క ముచ్చట కాడనే ఆగిపోయింది. నీళ్లు, నిధులు, నియామకాలని కొట్లాడి 2014లో రాష్ట్రం తెచ్చుకున్నం. 2016లో మూడు ఊళ్లూ జిల్లా కేంద్రాలైనయి. మరి మన కథ మనమే చెప్పుకునే హక్కు ఎవరి పద్దులో ఉన్నది? ఆ లెక్క తేల్చుకునేందుకే ఈ నాలుగు మాటలు.

కవులే లేరన్నోళ్లకు 354 పేర్లు

ఇది ఇయ్యాల మొదలైన కొట్లాట కాదు. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులే లేరని ఒకప్పుడు అచ్చుకెక్కించి మరీ ఎగతాళి చేసిండ్రు. దానికి జవాబు చెప్పింది మా నడిగడ్డ మనిషే. ఇటిక్యాలపాడు సురవరం ప్రతాపరెడ్డి 1926లో గోలకొండ పత్రిక పెట్టిండు. 1934లో 354 మంది కవులను ఏర్చి కూర్చి 'గోలకొండ కవుల సంచిక' అచ్చేసిండు. తిట్టుకు తిట్టు బదులియ్యలేదు. వరుసగా పేర్లు చదివిండు. అంతే, అన్నోళ్ల నోళ్లు మూతపడ్డయి. ఆయనే 1952లో వనపర్తి నుంచి హైదరాబాద్ శాసనసభకు గెలిచిండు. ఆయన రాసిన 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'కే 1955లో తెలుగులో మొట్టమొదటి కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది.

పేరు విలువ ఏందో ఆ పెద్దమనిషికి ఎరుక. పేరు లేనోడు లెక్కలో లేనట్టే. కవులు లేరన్నది ఆనాటి మాట. 'మీ దిక్కు రైటర్లు ఏడున్నరు?' అన్నది ఈనాటి మాట. ఉన్నరు సారూ, ఉన్నరు. మీ సినిమాలోనే ఉన్నరు. పేర్లు పడే కాడనే లేరు.

మా దినచర్య ఇది

సినిమా రచయిత అంటే ఏసీ రూము, కాఫీ కప్పు, ముంగట లాప్‌టాప్ అని అనుకుంటరు. మా సంగతి చెప్తం, వినుండ్రి. మాలో ఒకరు జిరాక్సు దుకాణంలో పని చేస్తరు. ఒకరు పెండ్లి వీడియోలు తీస్తరు. ఒకామె ప్రైవేటు బడిలో పంతులమ్మ. పొద్దంతా పొట్టకూటి పని. నాత్రి ఇంట్లో అందరు పండుకున్నంక మా సీను మొదలైతది. అద్దం పగిలిన ఫోనే మా కాగితం, అదే మా సినిమా హాలు, అదే మా గ్రంథాలయం. ఒక సినిమాను పదిసార్లు ఆపి ఆపి చూసి, ఇంటర్వెల్ ఏడ పెట్టిండు, మొదటి సీనులో ఏసిన ముడి ఏడ ఇప్పిండు అని రాసుకుంటం. లాప్‌టాప్ ఉన్నోనికి బ్యాటరీ ఉండదు. తీగ గుంజితే సీను పోయినట్టే.

ఆ ఫోను కూడా మాతోని కొట్లాడుతది. 'పోయినం' అని కొడితే 'వెళ్ళాము' అంటది. 'ఏడికి' అంటే 'ఎక్కడికి' అని దిద్దుతది. నోటితో చెప్పి రాయిద్దామంటే మా నడిగడ్డ మాటను ఇంకేదో మాట చేసి పెడుతది. బడిలో పంతులు దిద్దిండు, ఆఫీసులో సారు దిద్దిండు, ఇప్పుడు జేబులో ఉన్న డబ్బా కూడా దిద్దబట్టింది! ఇంగ్లిషు స్క్రిప్టు పద్ధతిలో ఒక పేజీ అంటే ఒక నిమిషం సినిమా అని లెక్క. ఆ అచ్చు, ఆ కొలత వాళ్ల అక్షరాలకు కుట్టిన అంగీ. మన ఒత్తులకు, గుణింతాలకు అది సరిపోదు. అందుకే మాలో చానామంది ఇంకా పాత పద్ధతిలోనే, కాగితం ఎడమ దిక్కు సీను, కుడి దిక్కు మాట రాసుకుంటున్నరు.

రాసింది పట్టుకొని పట్నం పోవాలె. నాగర్‌కర్నూల్‌కు రైలే లేదు. వనపర్తికి రైలు పేరు ఉన్నది గానీ ఆ స్టేషన్ ఉన్నది మదనాపురంలో. నాత్రి బస్సెక్కి, తెల్లారి ఇమ్లిబన్‌లో మొఖం కడుక్కొని, కృష్ణానగర్ చాయ్ అడ్డా కాడ నిలబడితే మాలెక్కనే వందల మంది. ఫోన్ చేస్తే 'పీడీఎఫ్ పెట్టు' అంటరు. పెడుతం. నీలి గీతలు పడ్తయి. జవాబు రాదు. రమ్మంటే పోతం. కథంతా విని, 'ఇది మీ దిక్కే నడుస్తది, అవతల నడవదు' అంటరు. మళ్ల వాళ్లే, 'కథ సంగతి తర్వాత, ఈ ఇరవై సీన్లకు జర తెలంగాణ యాస వెయ్యి' అంటరు. యాస వెయ్యాల్నట! పప్పుకు పోపు పెట్టినట్టు!

ఏస్తం. మాటతోపాటు మనిషి నడక మారుతది, కోపం మారుతది, నవ్వు మారుతది. అంటే సీనే మారుతది. అది రాత కాదా? చేతిలో కొన్ని నోట్లు పెడుతరు. కాగితం ఉండదు, సంతకం ఉండదు. సినిమా వచ్చినంక ఇంటిల్లిపాదిని తీసుకపోయి చూపిస్తే పేర్లన్నీ పైకి పోతయి. డ్రైవరు పేరు పడ్తది, పడాలె కూడా. మా పేరు పడదు. పక్కన కూసున్న అమ్మ 'నీ పేరేది బిడ్డా?' అని అడిగితే ఏం చెప్పాలె? ఫలానా ఆఫీసు అని మేము పేరు పెట్టి చెప్పం. ఇది ఒక్క ఆఫీసు గుణం కాదు, ఇదొక రివాజు.

గొంతును దాచలేరు, కలాన్ని దాస్తున్నరు

మన మాట తెర మీద ఎట్ల ఎక్కిందో యాది చేసుకుందం. 1985లో వచ్చిన 'ప్రతిఘటన'లో విలన్ నోట మన యాస పలికిచ్చిండ్రు. ఆనాటి సంది ఏండ్లకేండ్లు మన మాట రౌడీకి, లేకుంటే నవ్వులాటకు. బి.నర్సింగరావు 'దాసి'కి 1988 సంవత్సరానికి ఐదు జాతీయ అవార్డులొచ్చినా బజారు సినిమా బుద్ధి మారలేదు. రాష్ట్రం వచ్చినంక గాలి మళ్లింది. 2017లో 'ఫిదా' బాన్సువాడ పిల్లను హీరోయిన్ చేసింది. 2023లో 'బలగం' వస్తే ఊళ్లకు ఊళ్లు తెర కట్టుకొని చూసి ఏడ్చినయి. అవతల నడవదన్న మాట అబద్ధమని తేలింది.

అయితే ఇంకో పీట్ల ముడి పడ్డది. తెలంగాణ యాస అంటే ఒక్కటే అనుకుంటున్నరు. కృష్ణా, తుంగభద్రల నడుమ ఉన్న నడిగడ్డ మాట వేరు. రాయచూరు కన్నడం దానికి పక్కింటి చుట్టం. అమ్రాబాద్ పొదలో చెంచుల మాట వేరు. సిరిసిల్ల మాట వేరు. అన్నిటినీ ఒక్క గాటన కట్టి 'గిట్ల, గట్ల' అని నాలుగు ముక్కలు చల్లితే అది యాస కాదు, వేషం. ఆ తేడా తెలిసినోడు ఊళ్లోనే ఉంటడు. వానిని పిలిచి రాయించుకుంటరు. పేరు కాడికి వచ్చేసరికి వాడు కానరాడు.

మా జిల్లా పాటకు పేరొచ్చింది, కాదనం. తెలకపల్లి మండలం గౌరారం బిడ్డ గోరటి వెంకన్న పాట 2002లో 'కుబుసం' సినిమాతోని ఊరూరికీ పోయింది. లింగాల మండలం అవుసలికుంట దర్శనం మొగిలయ్య పన్నెండు మెట్ల కిన్నెర 'భీమ్లా నాయక్' పాటలో మోగింది. 2022లో పద్మశ్రీ వచ్చింది. ఎందుకు వచ్చింది? గొంతును దాచలేరు. కిన్నెర మోగితే ఎవరు వాయించిండో లోకానికి తెలుస్తది. కలం చప్పుడు చెయ్యదు. అందుకే దాన్ని దాచుడు అల్కగైంది.

కథలకు కరువా మా గడ్డ?

శ్రీశైలం ప్రాజెక్టు కింద ఊళ్లు మునిగినయి. ఇంటికొక కొలువు ఇస్తమని 1986లో 98 జీవో తెచ్చిండ్రు. ఆ జీవో కాగితం చేతపట్టుకొని కొల్లాపూర్ దిక్కు మనుషులు ముసలోళ్లయిండ్రు. అది కథ కాదా? ఆర్డీఎస్ కాలువ కింద 87,500 ఎకరాలు కాగితం మీద పారినయి. చివరి భూముల రైతు మొగులు దిక్కు చూసిండు. అది కథ కాదా? 2009 అక్టోబరులో తుంగభద్ర పొంగి రాజోలి మగ్గాలను ముంచింది. 2019లో యురేనియం తవ్వకాలు వద్దని నల్లమల లేచి నిలబడ్డది. దేశంలో ఏ డ్యామ్ కట్ట చూసినా పాలమూరు లేబరు చెమట ఉంటది. అటువంటి గడ్డ మీద, దోమలపెంట కాడ 2025 ఫిబ్రవరి 22న ఎస్సెల్బీసీ సొరంగం కూలి ఎనిమిది మంది చిక్కుకున్నరు. వాళ్లంతా పొట్ట చేతపట్టుకొని వేరే రాష్ట్రాల నుంచి వచ్చినోళ్లు. ఒకప్పుడు మనోళ్లు పోయి తవ్విండ్రు, ఇప్పుడు పరాయి తల్లుల బిడ్డలు వచ్చి తవ్వుతున్నరు. ఈ బాధ పాలమూరోడు రాసినట్టు ఇంకెవరు రాస్తరు?

ఫోను వచ్చింది, పెత్తనం పోలేదు

'ఇప్పుడు అందరి చేతిలో ఫోనున్నది కదా, మీరే తీసుకోండ్రి' అని సలహా ఇచ్చేటోళ్లున్నరు. నిజమే. 2015లో అమెరికాలో 'టాంజరిన్' అనే సినిమా మొత్తం ఐఫోన్ మీదనే తీసిండ్రు. 2016 తర్వాత డేటా అగ్గువైంది. లంబాడిపల్లి పిలగాండ్లు 'మై విలేజ్ షో'తోని ఊరినే స్టూడియో చేసి చూపిచ్చిండ్రు. 2021లో వచ్చిన 'సినిమా బండి'లో ఆటో డ్రైవర్‌కు కెమెరా దొరికితే ఊరంతా కలిసి సినిమా తీస్తరు. మంచిదే. కానీ తియ్యగల్గుడు వేరు, జనం కాడికి చేరుడు వేరు. కెమెరా మన చేతికొచ్చింది. థియేటరు, ఓటీటీ, పంచుడు, అమ్ముడు ఇంకా వాళ్ల చేతిలోనే ఉన్నయి.

తమ్ముడూ, చెల్లె, మీకు కూడా ఒక మాట. కొత్త ఫోను, డ్రోను, గింబలు కొంటేనే కథ వస్తదని ఎవడన్న చెప్తే నమ్మకుండ్రి. అయ్య అమ్మిన ఎడ్ల పైసలు కెమెరాలో పొయ్యకుండ్రి. రెండు రూపాయల పెన్ను రాయలేని కథను లక్ష రూపాయల లెన్సు రాయలేదు.

ఇప్పుడు యంత్రమే డైలాగులు రాస్తదంటున్నరు. మన యాసను దానికి మేపి, రేపు మనల్నే అవసరం లేదంటరు. 2023లో అమెరికా సినిమా రచయితలు 148 రోజులు సమ్మె చేసిండ్రు. కృత్రిమ మేధను రచయితగా లెక్కగట్టొద్దని ఒప్పందంలో రాయించుకున్నరు. హాలీవుడ్ రచయితకే గతి అదైతే, సంతకం కాగితం లేని మన గతేంది?

చట్టం మనదిక్కే ఉన్నది

సోయి తెచ్చుకోవాల్సింది ఈడనే. 1957 కాపీరైట్ చట్టం 57వ సెక్షన్ ప్రకారం, హక్కులు అమ్ముకున్నా సరే, రాసింది నేనే అని చెప్పుకునే హక్కు రచయితకు ఉంటది. 19వ సెక్షన్ ప్రకారం సంతకం పెట్టిన రాతకోతలు లేకుండ హక్కు బదిలీ చెల్లదు; ఎన్నేండ్లకో రాయకపోతే ఐదేండ్లకే లెక్క. 2012 సవరణ ఇంకో మెట్టు ఎక్కింది: సినిమా హాల్లో ఆడుడు కాక వేరే తీరుగా వాడుకుంటే వచ్చే రాయల్టీలో రచయితకు సమాన వాటా ఉన్నది. దాన్ని వదులుకున్నట్టు రాయించుకున్నా చెల్లదు.

అయితే ఒక్క జాగ్రత్త. ఉత్త ఆలోచనకు కాపీరైట్ లేదు. తన నాటకాన్ని 'న్యూ ఢిల్లీ' సినిమాగా తీసిండ్రని ఆర్.జి.ఆనంద్ అనే నాటక రచయిత సుప్రీంకోర్టు దాకా పోతే, 1978లో కోర్టు చెప్పింది ఇదే, ఆయన ఓడిపోయిండు. కాబట్టి చాయ్ కాడ నోటితో కథ చెప్పకుండ్రి. పూర్తిగా రాయుండ్రి, తేదీ వేయుండ్రి, మెయిలు పంపుకోండ్రి. రాసిన పూటనే హక్కు పుడుతది. రిజిస్ట్రేషన్ సాక్ష్యానికి పనికొస్తది. దాని ఫీజు 500 రూపాయలు. ఫోను కవరు పైసలు!

మా డిమాండ్లు ఇవీ

సినిమా పెద్దలారా! యాస రాసినోడు కూడా రచయితే. పని మొదలు కాకముందే కాగితం రాయుండ్రి, తెర మీద పేరు వేయుండ్రి. మాకు ఏ ప్రాంతపు రచయితతోనూ పంచాయతీ లేదు. గోదావరి పిలగాడు ఘోస్టుగా రాసినా, అనంతపురం పిలగాడు రాసినా, వాని పేరు కూడా పడాల్సిందే.

సర్కారుకు! 2025 జూన్‌లో గద్దర్ పేరు మీద సినిమా అవార్డులు ఇచ్చిండ్రు. జీవితమంతా పేరు లేనోళ్ల దిక్కు నిలబడి పాడిన మనిషి పేరది. అందుకే, రచయితలందరితో రాతపూర్వక ఒప్పందం ఉన్నదని చూపని సినిమాను ఆ అవార్డుకు తీసుకోవద్దు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లా గ్రంథాలయాల్లో నాలుగు కంప్యూటర్లు, తెలుగు స్క్రిప్టు పుస్తకాలు, ఏడాదికొక శిబిరం పెట్టుండ్రి. ఇది మేము అడుక్కునే బిచ్చం కాదు, మా పన్నుల వాటా.

మా తోటి రాతగాళ్లకు! ఒంటరిగా పోతే 'యాస వెయ్యి' అంటరు. పదిమంది కలిసి పోతే 'కూసోండ్రి' అంటరు. మూడు జిల్లాల్లో ఎవరెవరు రాస్తున్నరో ముందు మనమే ఒక పట్టీ రాసుకుందం. సురవరం 354 పేర్లు రాసిన గడ్డ ఇది. 355వ పేరు కాడినుంచి మొదలు పెడుదం.