టైముకి ఎన్ని మాటలు?

దసరా సెలవులకు ఇంటికొచ్చిన మా పక్కింటి పిల్ల మొన్న పొద్దున్నే ఒక పేపరు పట్టుకుని మా వంటింట్లోకి వచ్చింది. పదికి మూడు మార్కులు. ఒకే మాట కింద మూడుచోట్ల ఎర్రసిరా గీతలు. “పెద్దమ్మా, నేనిక ఆ కాలేజీకి పోను. అమ్మకు నువ్వే చెప్పు” అని కళ్లనీళ్లు పెట్టుకుంది.

సంగతేమంటే, ఈ పిల్ల హైదరాబాదులో హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతోంది. రెండో భాషగా తెలుగు కాదు, ఫ్రెంచి! మీ ఇళ్లలో ఇంటర్ పిల్లలుంటే ఇది కొత్తేమీ కాదు. తెలుగయితే పద్యాలు, వ్యాకరణం, పేజీలకు పేజీలు రాయాలి, అదే సంస్కృతమో ఫ్రెంచో అయితే మార్కులు రాలతాయని ఊరంతా చెప్పే మాటే. వాళ్లమ్మా అది వినే చేర్పించింది. మిర్చి అమ్మిన డబ్బు ఫీజుకి పోయింది. సులువని తీసుకున్నదాంట్లోనే మూడు మార్కులొస్తే ఆ తల్లికి మొహం ఎలా చూపించాలని పిల్ల బాధ.

పేపరు తీసుకుని చూశాను. ఇంగ్లీషులో ఉన్న పులిహోర తయారీని ఫ్రెంచిలోకి మార్చమన్నారు. (మన వంటల పేజీ అంత దూరం పోయిందన్నమాట!) అందులో ‘టైమ్’ అన్న మాట నాలుగుసార్లు వచ్చింది. పిల్ల డిక్షనరీ తీసింది. మొట్టమొదట ‘తాఁ’ అని కనబడింది. రాసేటప్పుడు అయిదక్షరాలు, పలికేది మాత్రం ఒక్కటే. బళ్లో మనం వదిలించుకున్న అరసున్న ఇన్నాళ్లకు ఇలా పనికొచ్చింది చూడండి, ముక్కుతో పలకాలి. సరే, ఆ ‘తాఁ’ దొరకగానే నాలుగు చోట్లా అదే పెట్టేసి ఊపిరి పీల్చుకుంది.

ఒక్కచోట ఒప్పు, మూడుచోట్ల తప్పు. బియ్యం ‘త్రీ టైమ్స్’ కడగాలి అన్నచోట ఈ పిల్ల రాసింది చదివితే నాకు నవ్వాగలేదు. ఫ్రెంచి సంగీతంలో ‘తాఁ’ అంటే తాళంలో ఒక దెబ్బ. మూడు దెబ్బల లెక్కకు వాల్ట్జ్ నాట్యం చేస్తారే, అలా బియ్యాన్ని తాళం వేస్తూ కడిగినట్టయింది!

డిగ్రీలో రెండేళ్లు నేనూ ఫ్రెంచి చదివాను. సగం పైగా మరిచిపోయాను కాని, అప్పుడు పడ్డ పాట్లు మాత్రం గుర్తున్నాయి. అందుకే పిల్లతో, “ఆ ఇంగ్లీషు పక్కన పెట్టు. ఇదంతా మీ నాయనమ్మకు చెప్పినట్టు చెప్పు. ‘టైము’ అన్న మాట మాత్రం నోట రాకూడదు” అన్నాను. కాసేపు బిక్కమొహం వేసి, తర్వాత గడగడా చెప్పేసింది.

“బియ్యం మూడుసార్లు కడగాలి. ఇరవై నిమిషాల సేపు ఉడకాలి. చుట్టాలు ఎన్ని గంటలకు వస్తారో చూసుకుని పోపు పెట్టాలి. వడ్డించే వేళకు జీడిపప్పు చల్లాలి.”

సార్లు, సేపు, గంటలు, వేళ. విన్నారుగా, ఒక్క ఇంగ్లీషు మాటకు నాలుగు తెలుగు మాటలు ఎవరూ నేర్పకుండానే వచ్చాయి. ఫ్రెంచివాళ్లకూ సరిగ్గా అక్కడే నాలుగున్నాయి. సారికి ‘ఫ్వా’. సేపుకి మన ‘తాఁ’, వాళ్ల వంటపుస్తకాల్లో ఉడికే సమయాన్ని ‘తాఁ ద క్విస్సోఁ’ అనే రాస్తారు. గంటకు ‘ఒర్’, ‘ఎ’ అనబోతూ పెదవులు సున్నాలా చుడితే వస్తుంది. మనకు మల్లేనే వాళ్లూ మూడు గంటల సేపైనా, గడియారంలో మూడు గంటలైనా ఆ మాటే వాడతారు. వడ్డించే వేళ ‘మొమాఁ’.

అన్నీ ఇలా అచ్చు గుద్దినట్టు కలుస్తాయనుకునేరు! ఎండగా ఉందా, మబ్బుగా ఉందా అని అడగడానికీ వాళ్లకు ‘తాఁ’యే కావాలి. మా అడవి అంచున ఇప్పపూల కాలం, తునికాకు కాలం అంటామే, ఆ కాలానికి మాత్రం అది చాలదు, వేరే మాట వెతుక్కోవాలి.

ఈలోగా నాయనమ్మ మాత్రల చీటీ పట్టుకుని వచ్చింది, ఎన్నెన్ని వేసుకోవాలో చెప్పమని. మన డాక్టర్లు గడుసువాళ్లు, 1-0-1 అని రాసి మాటల గొడవే లేకుండా చేశారు. పొద్దున ఒకటి, మధ్యాహ్నం లేదు, రాత్రి ఒకటి. అదే ‘టూ టైమ్స్’ అని ఉండి, దాన్నెవరైనా ‘ఒర్’ పెట్టి ఫ్రెంచిలోకి మారిస్తే రోజుకు రెండు గంటలనో, రెండు గంటలకనో అర్థమవుతుంది. మందు చీటీలో అలా జరిగితే పోయేవి మార్కులు కావు. “రెండు పూటలా వేసుకో నాయనమ్మా” అని చెప్పి పిల్ల నావైపు తిరిగింది. “పెద్దమ్మా, పూటకేం రాయాలి?” దానికి నాకు తెలిసి ఒక్క మాట లేదు. మూడు పూటలా అనాలంటే వాళ్లు ‘మతాఁ, మిది, స్వార్’ అని పొద్దున్న, మధ్యాహ్నం, సాయంత్రం విడివిడిగా చెబుతారు. పూట వంటి చిన్న మాట చేతిలో ఉండి, దాన్ని వదిలి ‘త్రీ టైమ్స్’ అంటున్నాం మనం!

ఆ భాష మరీ పరాయిదీ కాదు. మన భద్రాచలం దాటి పోయే గోదావరి సముద్రంలో కలవబోయే ముందు ఒక పాయ ఒడ్డున యానాం ఉంది కదా, అక్కడ 1954 దాకా ఫ్రెంచివాళ్ల పాలనే. ఇంట్లో తెలుగు, కచేరీలో ఫ్రెంచి. పూటకూ వేళకూ అక్కడివాళ్లు ఎన్ని తంటాలు పడ్డారో!

పిల్లకు హుషారొచ్చి నూనె ప్యాకెట్ చూపించి దీన్నేమంటారంది. తుర్నసోల్. ‘తుర్న’ అంటే తిరగడం, ‘సోల్’ పొద్దు. అక్షరాలా పొద్దుతిరుగుడే! అంతే, ఇక పొద్దు మీద పడింది. పొద్దు పొడిచిందంటే సూర్యుడు, ‘సొలెయ్’ రాసింది. పొద్దస్తమానం అంటే రోజంతా, ‘జుర్నే’. పొద్దు పోవట్లేదంటే మళ్లీ ‘తాఁ’. మూడూ నాయనమ్మకు చదివి వినిపించింది.

నాయనమ్మ మాత్రలు కొంగున ముడేసుకుంటూ, “ఒక్క పొద్దుకి ఇన్ని మాటలు ఎతుక్కుంటుంటే ఇగ వాళ్లకు పనెప్పుడవుద్దే?” అంది.