మా పాప సి సెక్షను

మొన్న శనివారం మా పాప స్కూల్లో పేరెంట్స్ మీటింగు. ఏడో తరగతి. రెండు యూనిట్ టెస్టుల్లో మార్కులు తగ్గాయని ఏ సెక్షను నుంచి సి కి మార్చేశారు. "అక్కడైతే తనకి స్ట్రెస్సండీ, పిల్ల మనసు ఆలోచించే చేశాం" అంది టీచరమ్మ. సి సెక్షనుకి లెక్కల సారు వారానికి మూడ్రోజులే వస్తాడన్న సంగతి మా పాప చెబితేగానీ నాకు తెలీలేదు.

కౌన్సెలరెవరండీ అనడిగితే పీఈటీ సారుని చూపించారు! మంచాయనే, పాపం. ఈ ఉద్యోగం కూడా తనదేనని ఆయనకీ అప్పుడే తెలిసినట్టుంది.

2023లో విశాఖలో నీట్ కోచింగులో ఉన్న పదిహేడేళ్ళమ్మాయి చనిపోతే, తండ్రి సుప్రీంకోర్టు దాకా వెళ్ళాడు. 2025 జూలై 25న కోర్టు 15 మార్గదర్శకాలిచ్చింది. 100 మంది, ఆపైన పిల్లలుంటే శిక్షణ ఉన్న కౌన్సెలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో కనీసం ఒకరుండాలి. మార్కుల్ని బట్టి బ్యాచులు విడగొట్టడం, నలుగురిలో అవమానించడం "వీలైనంత వరకు" మానాలి. అదిగో, ఆ 'వీలైనంత వరకు' దగ్గరే నాకు ఒళ్ళు మండింది. మా స్పెక్కులో ఆ మాట రాశారంటే ఆ ఫీచరు ఇక రానట్టే లెక్క.

ఆ గదిలో సగంమంది నాలాగే బీరంగూడలో ఇల్లు కొనుక్కుని గచ్చిబౌలికి పరిగెత్తేవాళ్ళం. ఆఫీసులో బెల్ కర్వ్ అంటే చాలు, ఒంటికాలి మీద లేస్తాం. మైక్రోసాఫ్టంతటిది 2013లో ఆ గోల వదిలించుకుంది. ముప్పై దాటిన మనం తట్టుకోలేనిది పన్నెండేళ్ళ పిల్ల తట్టుకోవాలా? ఒక్కరూ నోరెత్తలేదు. నిజం చెప్పొద్దూ, పాప ఏ లో ఉన్నన్నాళ్ళూ నేనూ ఎత్తలేదు.

మాదంటే ఫీజు కట్టే గొడవ. పటాన్‌చెరు, పాశమైలారం ఫ్యాక్టరీ కూలీల పిల్లల్లో ఇంట్లో ఒడియానో హిందీనో మాట్లాడేవాళ్ళు బోలెడుమంది. రేపు కౌన్సెలరంటూ వచ్చినా వాళ్ళతో ఏ భాషలో మాట్లాడతారు? టెలీ మానస్ 14416 ఉంది కదా అంటారు. ఉచితం, రాత్రీపగలూ పలుకుతుంది, ప్రతి బడి గోడమీదా రాయించాల్సిందే. కానీ చేతిలో ఫోనే లేని పిల్ల ఎలా చేస్తుంది?

కౌన్సెలరు చదువేంటో, సెక్షన్లు ఎప్పుడు కలుపుతారో రాతపూర్వకంగా చెప్పమని లెటరు తయారుచేశా. ఇప్పటికి నాలుగు సంతకాలొచ్చాయి. నాలుగూ సి సెక్షను వాళ్ళవే.