ముచ్చటైన ముఖం, ఆడని ఊపిరి

జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ వీథులలో ఉదయం నడిచేవారికి చిన్నజాతి శునకాలు తఱచు ఎదురవుతుంటాయి. వీటిలో పొమరేనియన్ బాల్టిక్ సముద్రతీరపు పొమరేనియా ప్రాంతం పేరు మోస్తున్నది. షిట్జు మూలాలు టిబెట్, చైనాలలో ఉన్నాయి. పగ్ చైనా రాజమందిరాలలో పెరిగిన జాతి. 2003లో హచ్ ఫోన్ల ప్రకటనలో బాలుని వెంట నడిచిన పగ్‌ను చూచి మన దేశంలో ఎందఱో ఆ జాతిపై మనసుపడ్డారు. చిన్న శునకం అపార్ట్‌మెంటులో ఇముడుతుంది, ఒంటరి వృద్ధులకు తోడవుతుంది. ఆ ఆకర్షణను నేను కాదనను.

మనుష్యుల వైద్యుడినే అయినా ఊపిరి గుఱించి ఒక మాట చెప్పాలి. శునకాలకు మనవలె ఒళ్ళంతా చెమట పట్టదు. అవి నాలుక చాచి వగర్చుతూ శరీరతాపాన్ని తగ్గించుకుంటాయి. పగ్‌లో ముఖపు ఎముకలు కుఱుచయినా, లోపలి మెత్తని కణజాలం ఆ మేరకు తగ్గలేదు. అందువలన నాసికారంధ్రాలు ఇఱుకుగా ఉండి, అంగిటి వెనుకభాగం గాలిదారికి అడ్డుపడుతుంది. మనం ముద్దుగా వినే గురక ఆ అవరోధపు చప్పుడే! హైదరాబాదు వేసవిలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటినపుడు అది ప్రాణాంతకం కావచ్చు. షిట్జుకూ ఈ ముప్పు ఉంది.

అందుచేత ముఖం చూచి శునకాన్ని కొనకండి. మూతి పొడవుగా ఉండి, మన ఎండలకు అలవాటుపడిన ఊరకుక్క పిల్లను చేరదీయండి. ఇంట పగ్ ఇప్పటికే ఉంటే ఎండ ఎక్కకముందే నడిపించండి, బరువు పెరగనీయకండి. జాతి ఏదైనా రేబిస్ టీకా మానవద్దు. మన ముచ్చట మఱొక ప్రాణికి ఆయాసం కాకూడదు.