చిత్రావతి యిసుక



చిత్రావతి యను చిన్న యేఱు హిందూపురము, పెనుకొండలకుఁ దూర్పుగా నున్నది. కర్ణాటకమునందలి చిక్కబళ్లాపురము ప్రాంతమునఁ బుట్టి, పుట్టపర్తి ప్రక్కగాఁ బాఱి, బుక్కపట్టణము చెరువును, పట్టుచీరలకుఁ బేరొందిన ధర్మవరము చెరువును నింపుచుఁ బెన్నలోఁ గలియును. ఏటిలో నీరు కనఁబడు దినములు స్వల్పము. అంతమాత్రమున ఏఱెండెనని తలఁపరాదు. వానకాలపు నీటిని ఇసుక తనలో దాఁచుకొనును. వేసవిలో మన స్త్రీలు త్రవ్వుకొను చెలమలును, ఒడ్డు బావులును ఆ నిలువవలననే యూరును. ఇసుక తరలిపోయినచో బావి యడుగంటును. బిందెతో దూరము నడువవలసినది మనమే. ఇల్లు కట్టించునపుడు ఇటుకల వెలతోపాటు, ఇసుక యే యేటినుండి వచ్చెనో కూడ విచారింపుఁడని మా మనవి.