చిప్పులోని తప్పులు - ప్రజల పత్రములు

1986 ఆగస్టు నాటి గోదావరి వరదను, 1996 నవంబరు 6 వ తేదీ తుపానును చూచిన ఐ.పోలవరము ప్రాంతమువారికి, తడిసి ముద్దయైన దస్తావేజు తిరిగి చదువ వీలుకాదని వేరుగ చెప్పనక్కరలేదు. నేడు ఆ దస్తావేజుల ప్రతులును, కార్యాలయముల లెక్కలును, పిల్లల యోగ్యతాపత్రములును ఫోనులలోను, పెన్ డ్రైవులలోను, కంప్యూటరులలోను చేరుచున్నవి. వీనిలో పెక్కింటికి ఆధారము ఫ్లాష్ మెమరీ యను చిప్పు. ఏటిగట్టు తెగినను చిప్పును జేబులో వేసికొని పోవచ్చునను ధైర్యము జనులకు కలిగినది. ఆ ధైర్యము ఎంతవరకు సహేతుకమో విచారింపవలసియున్నది.

ఈ చిప్పును 1980 దశకమున జపానునందలి తోషిబా కంపెనీలో ఫూజియో మసుఓకా కనిపెట్టెను. ఇందు వ్రాత సిరాతో గాక, సెల్లులను సూక్ష్మమైన గదులలో బంధించిన విద్యుదావేశముతో సాగును. ఆవేశమును బంధించు పొర శాశ్వతము కాదు. చెరిపి వ్రాసినకొలది అది అరుగును. అరిగినకొలది ఆవేశము జారిపోవును. వేడిమి ఆ జారుటను త్వరపరచును. గదికొక్క బిట్టు చొప్పున నింపిన చిప్పు సుమారు లక్ష మారులు చెరిపి వ్రాయుటకు ఓర్చును. మూడేసి బిట్లు నింపినది కొలది వేల మారులకే అలసిపోవును. అంగడిలో చౌకగా దొరకునది ఈ రెండవ తెగయే. కాబట్టి చిప్పులో తప్పు పుట్టుట ఆకస్మికము కాదు. అది దాని స్వభావము.

తప్పు పుట్టక మానదని తెలిసినపుడు దానిని పట్టు ఉపాయము ముందే కల్పించుకొనవలెను. ఈ సూత్రము వేదాధ్యయనమునకు పేరుపడిన కోనసీమకు క్రొత్తది కాదు. జటాపాఠమున రెండు పదములను ముందునకు, వెనుకకు, మరల ముందునకు వల్లింతురు. ఘనపాఠమున మూడవ పదమును గూడ చేర్చి త్రిప్పుదురు. ఒక వరుసలో జారిన మాట మరొక వరుసలో పట్టుబడును. కాని ప్రతి బిట్టును అన్ని మారులు వ్రాసినచో చిప్పులో చోటు చాలదు. స్వల్పమైన అదనముతో అధికముగ తప్పులను దిద్దు మార్గమును గణితశాస్త్రము చూపినది. ఇందు భారతీయుల పాలు గణనీయము. ఆంధ్ర విశ్వకళాపరిషత్తున గణితము చదివి, 2023లో దివంగతుడైన కల్యంపూడి రాధాకృష్ణారావు 1947లో ప్రకటించిన సంఖ్యావ్యూహముల సిద్ధాంతము ఈ శాస్త్రమునకు దగ్గరి చుట్టము. ఆయనవలెనే కలకత్తాలోని భారత గణాంక సంస్థలో పనిచేసిన రాజచంద్ర బోస్, తన శిష్యుడగు రాయ్ చౌధురితో గూడి 1960లో ఒక దోషసంస్కార పద్ధతిని ప్రకటించెను. ఫ్రాన్సునందు హొకెంఘెమ్ అను పండితుడు 1959లోనే వేరుగ దానిని కనుగొనియుండెను. ఈ పద్ధతిని, 512 బైటుల వ్రాతలో ఎచ్చటనైనను 8 బిట్లు తారుమారైనచో దిద్దుటకు 13 బైటుల అదనము చాలును.

అయితే ప్రతి పుటను పూర్తిగ శోధింప బూనినచో యంత్రము నత్తనడక నడచును. అందుచే చిప్పును నడుపు నియంత్రకము మొదట చిన్న పరీక్ష చేయును. శేషము సున్న యైనచో పుట నిర్దోషమని తలచి వెంటనే పంపివేయును. కానిచో తప్పున్న తావును గణించి దిద్దును. అప్పటికిని సాధ్యము కానిచో, కొలతను ఇటునటు జరిపి ఆ పుటనే మరల మరల చదువును. దిద్దుబాట్లు హద్దునకు సమీపించినచో, వ్రాతను క్రొత్త తావునకు మార్చి పాతదానిని విడిచిపెట్టును. ఏ విధమునను దిద్దజాలనిచో తప్పుడు వ్రాత నీయక, చెడినదని తెలుపును. పనిని తప్పు పరిమాణమునకు తగినట్లు పెంచుటయే ఇందలి నేర్పు.

ఈ కాపలాకు హద్దులు కలవు. బీరువాలో పడియున్న పెన్ డ్రైవునకు విద్యుత్తు లేదు. విద్యుత్తు లేనిదే నియంత్రకము మేలుకొనదు. వ్రాత ఆయువు తీరిన గృహోపయోగపు ఫ్లాష్ డిస్కు, విద్యుత్తు లేక, 30 డిగ్రీల వేడిమిలో ఒక సంవత్సరము వ్రాతను నిలిపిన చాలునని పరిశ్రమ యంగీకరించిన ప్రమాణము చెప్పుచున్నది. క్రొత్త డిస్కు అంతకంటె చిరకాలము నిలుచును, నిజమే. కాని మన వేసవి 30 డిగ్రీలను దాటుట యెల్లరెరిగినదే. ఇంతలో కృత్రిమ మేధకై వెలయు యంత్రశాలల గిరాకీవలన 2025 చివర మెమరీ చిప్పుల వెలలు పెరిగినవి. వెల పెరిగినపుడు నాసిరకపు సరుకునకును, దొంగ ముద్రల కార్డులకును అంగడిలో చోటు దొరకును.

ఇట్టి స్థితిలో ప్రజల పత్రములను భద్రపరచు కార్యాలయములు కేవలము చౌకధర చూచి సరుకు కొనుట క్షంతవ్యము కాదు. అది ఎన్ని మారులు వ్రాయుటకు ఓర్చునో టెండరునందే అడుగవలెను. ఏటికొకమారైనను ప్రతులను తెరచి, చదివి, మూలముతో సరిచూడవలెను. ఒక ప్రతిని డెల్టాకు వెలుపల, మెరక ప్రదేశమున నుంచవలెను. ఏరు పొంగినపుడు ఒకే గదిలోని మూడు ప్రతులును ఒక ప్రతితో సమానమే. చెడిన పత్రమును చెడినదని రైతునకు తెలిపి, ఆతని చేతిలోని కాగితమును ఆధారముగ గైకొనవలెను. అటుగాక, కంప్యూటరులో లేదు గనుక నీకు భూమియే లేదనుట అన్యాయము.

గృహస్థులకును ఇదే మనవి. దస్తావేజును ఫోటో తీసి ఫోనులో దాచినంతమాత్రమున కాగితమును ఉపేక్షింపరాదు. రెండవ ప్రతిని వేరొక ఊరిలోని బంధువునొద్ద నుంచుడు. గోదావరికి వరద వచ్చు ఋతువునకు ముందే ఆ పని ముగించుకొనుడు.