బోర్డు మీద పేర్లు రాసే నాయకులు

సెప్టెంబరు వచ్చిందంటే అన్ని ఊళ్లలాగే మణుగూరు బడుల్లోనూ స్వపరిపాలన దినోత్సవం. అమ్మ పట్టుచీర కుచ్చిళ్లను పిన్నీసులతో బిగించుకున్న తొమ్మిదో తరగతి అమ్మాయి టీచరు, నాన్న ప్యాంటుకు బెల్టు బిగించిన అబ్బాయి హెడ్మాస్టరు, ఇంకొకరు డీఈఓ, మరొకరు కలెక్టరు. మర్నాడు పేపర్లో ఫొటో, కింద మామూలు వాక్యం: ఇలాంటి కార్యక్రమాలతో విద్యార్థుల్లో నాయకత్వ లక్షణాలు పెంపొందుతాయి.

ఈ మాట నేను ఒప్పుకోను. ఆ రోజు పిల్లలకు అబ్బేది నాయకత్వం కాదు, హోదా. కుర్చీలో ఎలా కూర్చోవాలి, ఎవరొస్తే లేవాలి, అంతే. మధ్యాహ్నం చారు నీళ్లలా ఉంటే ఎందుకని అడిగే అధికారం ఆ ‘కలెక్టరు’కు లేదు. సాయంత్రం చీర మడతపెట్టి అమ్మకిచ్చేస్తే పరిపాలన కూడా బీరువాలోకి పోతుంది. సరదాకైతే చేసుకోండి, పిల్లలు మురిసిపోతారు. దానికి పెట్టిన పేరుతోనే నా పేచీ.

మిగతా ఏడాది ఇంకా అన్యాయం. క్లాస్ లీడర్‌ను సారే ఎంచుతారు. మార్కులొచ్చేవాడు, తెలుగు గడగడా మాట్లాడేవాడు. ఇంట్లో కోయ మాట్లాడే పిల్ల వెనక బెంచీలోనే ఉండిపోతుంది. ఇంతకీ లీడర్ పనేమిటి? సారు లేనప్పుడు మాట్లాడినవాళ్ల పేర్లు బోర్డు మీద రాయడం! తోటివాళ్ల తరఫున సారుతో మాట్లాడాల్సినవాడు సారు తరఫున తోటివాళ్లను కాపలా కాస్తాడు. పేరు చెరిపేయడానికి గుప్పెడు రేగుపళ్లు పుచ్చుకుంటాడు కూడా.

ఈ పిల్లల తండ్రుల్లో చాలామంది సింగరేణి బొగ్గు గనుల్లో పనిచేస్తారు. సింగరేణిలో 1998 నుంచి గుర్తింపు సంఘాన్ని కార్మికులే రహస్య ఓటుతో ఎన్నుకుంటున్నారు. 2023 డిసెంబరు 27న కూడా ఓటు వేశారు. చుట్టూ ఉన్న ఏజెన్సీ గూడేల్లో గ్రామసభకు 1996 నాటి పెసా చట్టం నోరిచ్చింది (ఆ నోటిమాట ఎవరు వింటున్నారన్నది వేరే కథ). అలాంటి ఊళ్లో పిల్లలకు మాత్రం చెయ్యెత్తే అవకాశమైనా లేదు.

‘బడిలో ఓట్లు పెడితే రాజకీయాలు రావూ?’ అంటారు. రేగుపళ్లతో ఎప్పుడో వచ్చేశాయి. వార్సాలో అనాథాశ్రమం నడిపిన డాక్టరు యానుష్ కోర్చాక్ వందేళ్ల కిందటే పిల్లలే తీర్పు చెప్పే కోర్టు పెట్టాడు. ఆర్నెల్లలో తన మీద తానే ఐదుసార్లు ఫిర్యాదు చేసుకున్నాడు, అందులో ఒకటి ఒక పిల్లాడి మీద చెయ్యి చేసుకున్నందుకు. దాంతో ఆయన పెద్దరికమేమీ తరిగిపోలేదు.

మన దగ్గర అంత దూరం పోనక్కర్లేదు. ఆశ్రమ పాఠశాల గోడ మీద మెనూ రాసి ఉంటుంది. పిల్లలు ఓటేసి ఎన్నుకున్న ఇద్దరిని సరుకు తూచేటప్పుడు పక్కన నిలబడనివ్వండి. రాసుకోనివ్వండి. నచ్చకపోతే వచ్చే నెల వాళ్లను దించేయనివ్వండి. శనివారం ప్రార్థనలో ఆ వెనక బెంచీ పిల్ల కాగితం తీసి, గోడ మీద గుడ్డు ఉంది, మంగళవారం కంచంలో లేదు, ఎందుకని అడగాలి. తెలుగులో రాకపోతే కోయలోనే అడగాలి. సారు లేచి జవాబు చెప్పాలి.